గోత్రనామాలు తెలిసినవాడు

తెనాలిలో శేషగిరి శర్మ ఇల్లెక్కడని అడిగితే కాసేపు ఆలోచిస్తారు. తద్దినాల శేషగిరి ఇల్లని అడిగితే ఆటో స్టాండులోవాళ్లు కూడా చెయ్యెత్తి చూపిస్తారు. పెళ్లిళ్లు చేయించే పురోహితులు వేరే ఉన్నారు. వాళ్లు కార్లలో తిరుగుతారు, వీడియోల్లో పడతారు. శేషగిరి పాసింజరు బండెక్కి తిరుగుతాడు, ఏ వీడియోలోనూ పడడు. తద్దినానికి వీడియో తీయించుకునే రోజులు ఇంకా రాలేదు. అందుకు ఆయనేమీ బాధపడలేదు. పెళ్లి ఒకసారే అవుతుంది, తద్దినం ఏటా వస్తుంది. ఈ లెక్క ఆయనకు ఇరవై ఎనిమిదో ఏటనే తెలిసొచ్చి ఆ దారి పట్టాడు. ఇప్పుడు యాభై ఎనిమిది.

తెనాలి, రేపల్లె, బాపట్ల మూడూళ్లలో కలిపి నూట నలభై ఇళ్లు ఆయనవి. పొద్దున్నే బండెక్కి ఒక ఊరు వెళ్లడం, కార్యక్రమం ముగించి మధ్యాహ్నం బండికి తిరిగి రావడం. ఒక్కోసారి ఒకే తిథికి రెండు మూడిళ్లు పడేవి. అలాంటప్పుడు శేషగిరి మంత్రం పరుగందుకునేది. పీట మీద కూర్చున్న కర్త, "మా నాన్నకి ఈ కూరంటే ప్రాణమండీ" అని ఏదో చెప్పబోతే, "ఊఁ, నీళ్లు వదలండి" అనేవాడు. చెడ్డవాడు కాడు, తొందర మనిషి. బండి తన టైముకి తాను పోతుంది, పితృదేవతలైతే కాస్త సర్దుకుంటారని ఆయన నమ్మకం.

ఆయన పేరంతా ఒక్క ఫోన్ మీద నిలబడింది. తిథికి మూడు రోజుల ముందు ప్రతి ఇంటికీ తానే ఫోన్ చేసేవాడు. "అమ్మా, శేషగిరిని. గురువారం మీ మామగారి తిథి. నువ్వులు, విస్తళ్లు చూసుకోండి." అంతే, పెట్టేసేవాడు. ఈ రోజుల్లో తండ్రి పోయిన తారీఖు గుర్తున్నవాళ్లే తక్కువ, తిథి ఎవరికి గుర్తుంటుంది? అందరి తరఫునా ఆయన గుర్తుంచుకునేవాడు. అందుకే ఆ నెంబరు నూట నలభై ఫోన్లలోనూ ఏదో ఒక పేరుతో భద్రంగా ఉండేది. తెర మీద ఆ పేరు పడితే ఎంత పనిలో ఉన్నా చేతులు తుడుచుకుని వచ్చి "చెప్పండి పంతులుగారూ" అనేవాళ్లు. ఎదురు ప్రశ్న ఉండేది కాదు.

కరోనా ఏళ్లలో బండ్లు ఆగిపోయాయి, తిథులు ఆగలేదు. అప్పుడు శేషగిరి తెనాలిలో తన ఇంట్లోనే కూర్చుని, అవతలివాళ్ల చేత ఫోన్ స్పీకరులో పెట్టించి సంకల్పం చెప్పించాడు. గోత్రం, మూడు తరాల పేర్లు తాను చదివేవాడు. అవతల నీళ్లు వదిలేవాళ్లు. సంభావన కూడా ఫోన్‌లోనే వచ్చి పడేది. మొదట్లో సిగ్గుపడ్డాడు, తర్వాత ఇదే సుఖంగా ఉందనిపించింది. బండ్లు మళ్లీ నడిచాక కూడా కొన్ని ఇళ్లకు అలాగే కానిచ్చేవాడు. పురోహితుడు ఎదురుగా లేకపోయినా పని జరిగిపోతుందని, డబ్బు గాల్లోంచి పంపితే చాలని ఆ ఇళ్లకు నేర్పినవాడు ఆయనే.

ఆ ఊపులోనే పాత నోటు పుస్తకాన్ని కంప్యూటరు సెంటరులో ఇచ్చి పట్టికగా టైపు చేయించాడు. తిథి, పోయినవారి పేరు, గోత్రం, తండ్రి తాతల పేర్లు, ఊరు, ఇంట్లోవాళ్ల ఫోన్ నెంబరు, అన్నీ వరసగా. దాన్ని వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఎవరింటి తిథి వాళ్లు చూసుకోండన్నాడు. గ్రూపులో చేరడానికి స్కాన్ చేసే క్యూఆర్ గడిని తన పేరున్న క్యాలెండరు మీద అచ్చు వేయించాడు. ఆ క్యాలెండరు ఇళ్లలోనే కాదు, కిరాణా కొట్లలోనూ టీ బంకుల్లోనూ వేలాడింది. ఎవరు చేరుతున్నారో ఆయన చూడలేదు. మెంబర్లు పెరుగుతుంటే మాత్రం సంబరపడ్డాడు.

భార్య రమణి ఒకసారి అననే అంది. "ఒకళ్లింట్లో పోయినవాళ్ల పేర్లు ఇంకొకళ్లకి ఎందుకండీ?"

"నీకు తెలీదు, ఊరుకో. రోజులు మారాయి" అన్నాడు.

మారిన రోజుల గురించి ఆయనకు ఎంత తెలుసో తర్వాత తేలింది.

ఎన్ని మార్చినా ఒక్కటి మాత్రం మార్చుకోలేదు. స్నానం చేసి మడి కట్టుకున్నాక, కార్యక్రమం పూర్తయ్యేదాకా ఫోన్ ముట్టుకునేవాడు కాదు. సైలెంటులో పెట్టి సంచి అడుగున పడేసేవాడు. ఆ వేళలో ఆయన పలకడని మూడూళ్లకూ తెలుసు. పలకకపోతే మడిలో ఉన్నారని వాళ్లే సర్దిచెప్పుకునేవాళ్లు.

బాపట్లలో రావమ్మ ఇల్లు ఆయనకు పాత ఇల్లు. చీరాల నేత చీరలు తెచ్చి అమ్మే చిన్న బట్టల కొట్టు వాళ్లది. ఇరవై రెండేళ్లుగా ఆ ఇంట్లో సుందరయ్య తద్దినం శేషగిరే పెట్టించాడు. కర్త సుందరయ్య కొడుకు చలపతి, రావమ్మ భర్త. నిరుడు మాఘ బహుళ నవమినాడు ఆ చలపతే గుండె ఆగి పోయాడు. ఇప్పుడు ఏడాది తిరిగి అతని తొలి తద్దినం వచ్చింది. కొడుకు ఉదయ్ కిరణ్ కర్త. ఆ తిథి కోసం రావమ్మ నెల రోజుల నుంచీ కాచుకుని ఉంది. ఆయనకి ఏడాది తర్వాత నా చేత్తో వండిన అన్నం అందుతుంది అని కొట్టుకి వచ్చిన ఆడవాళ్లకు కూడా చెప్పుకుంది.

ఆ సోమవారం శేషగిరి రేపల్లెలో ఉన్నాడు. కార్యక్రమం ముగించి సంచి అడుగు నుంచి ఫోన్ తీస్తే రావమ్మ నుంచి తొమ్మిది మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఎలాగూ ఆ రోజు ఆవిడకు ఫోన్ చేసి తిథి చెప్పాల్సిందే. ఆవిడకే గుర్తుందన్నమాట, ఒక ఫోన్ తగ్గింది అనుకున్నాడు. బండికి పావుగంటే ఉంది. తిరిగి చేయలేదు. తొమ్మిది సార్లు ఎందుకు చేసిందని ఒక్క క్షణం ఆలోచించినా బాగుండేది. ఆలోచించలేదు.

గురువారం పొద్దున తొమ్మిదికి బాపట్లలో ఆ ఇంటి మెట్లెక్కుతుంటే రావమ్మ తలుపు గొళ్లెం పెడుతోంది. చేతిలో కొట్టు తాళాలున్నాయి. తద్దినం రోజున వంటింట్లో తడిబట్టతో ఉండాల్సిన మనిషి. లోపల పొయ్యి వెలిగిన వాసన లేదు.

"మీరేంటండీ?" అంది. "కాశీ నుంచి అప్పుడే వచ్చేశారా?"

"కాశీ ఏంటమ్మా? నేనెప్పుడు వెళ్లాను?"

రావమ్మ గొళ్లెం వదిలేసింది. తర్వాత మెల్లగా మెట్టు మీద కూర్చుంది. జరిగిందంతా ముక్కలు ముక్కలుగా బయటికొచ్చింది.

సోమవారం పొద్దున పదింటికి ఆవిడ ఫోన్ మోగింది. తెర మీద శేషగిరి గారు అని పడింది. అవతలివాడు ముందు గోత్రం చెప్పాడు. మార్కండేయ గోత్రం, వెంకటప్పయ్య, సుందరయ్య, చలపతి అని మూడు తరాలూ తడుముకోకుండా చదివాడు. ఆ తర్వాత అసలు సంగతి ఎత్తుకున్నాడు. చలపతి పోయిన నక్షత్రం మంచిది కాదు. తొలి తద్దినం ఇంట్లో పెడితే ఆ ప్రాణానికి దారి దొరకదు. అదృష్టం కొద్దీ తాను కాశీలోనే ఉన్నాడు. గురువారం గంగ ఒడ్డున తానే పెట్టిస్తాడు. దానాలకు నలభై ఎనిమిది వేలు సత్రంవాళ్ల నెంబరుకి ఇవాళే పంపాలి.

"గొంతు తేడాగా ఉందేంటండీ?" అని ఆవిడ అడిగింది. కాశీ చలికి పట్టేసిందన్నాడు. ఆవిడ వెర్రిది కాదు, ఇరవై ఏళ్లు కొట్టులో కూర్చుని బేరాలాడిన మనిషి. ఫోన్ పెట్టేసి అదే నెంబరుకి తిరిగి చేసింది. ఒకసారి కాదు, తొమ్మిది సార్లు. అవన్నీ రేపల్లెలో అసలు శేషగిరి సంచిలో చప్పుడు లేకుండా మోగాయి. అరగంటకు దొంగే మళ్లీ చేశాడు. "ఎత్తలేదేంటండీ, మడిలో ఉన్నారా?" అని ఆవిడే అడిగింది. "అవునమ్మా, మడిలో ఉన్నా" అన్నాడు వాడు. అబద్ధం వెతుక్కునే శ్రమ కూడా వాడికి లేకుండా పోయింది. ఆవిడ డబ్బు పంపేసింది.

"పొద్దున్నే మావాణ్ణి తలస్నానం చెయ్యమని చెప్పి ఉత్తరం వైపు దణ్ణం పెట్టించానండీ" అంది రావమ్మ. "ఈపాటికి ఆయనకక్కడ అన్నం పెడుతుంటారనుకున్నాను. నేను కొట్టు తాళం తియ్యడానికి బయలుదేరాను."

శేషగిరికి పరువు పోయిందన్న భయమే ముందొచ్చింది, ఆవిడ మీద జాలి తర్వాత వచ్చింది. ఉన్నమాట చెప్పుకోవాలి కదా. "పర్లేదమ్మా, తిథి ఇంకా ఉంది. కుర్రాణ్ణి పిలవండి. గంటలో కానిచ్చేద్దాం" అన్నాడు.

"ఏం కానిస్తారండీ?" ఆవిడ తలెత్తింది. "వంట లేదు, మడి లేదు, పొద్దున్న టిఫిన్ కూడా తిన్నాడు వాడు. ఏడాది నుంచి ఎదురుచూశానండీ ఈ రోజు కోసం. అది పోయింది. డబ్బు పోతే పోనివ్వండి. ఒక్కటి చెప్పండి నాకు. నెంబరంటే ఏదో చేసుంటాడు. మా మామగారి నాన్న పేరు వాడికెవరిచ్చారండీ? మా గోత్రం వాడికెవరిచ్చారు?"

గ్రూపులో ఆరు వందల మంది మెంబర్లున్నారని శేషగిరికి గుర్తొచ్చింది. ఇళ్లు నూట నలభై.

ఉదయ్ కిరణ్ వచ్చి ఇద్దరినీ పోలీసు స్టేషనుకి తీసుకెళ్లాడు. సైబరు కేసులు చూసే కానిస్టేబుల్ శివనాగరాజు అంతా విని, రోజూ చెప్పేదే మళ్లీ చెప్పాడు.

"మీ ఫోన్‌ని ఎవడూ ఏం చెయ్యలేదు పంతులుగారూ. ఇంటర్నెట్ నుంచి చేసే కాల్‌లో, అవతల తెర మీద ఏ నెంబరు పడాలో చేసేవాడే పెట్టుకోగలడు. అది మీ నెంబరైతే, అమ్మగారి ఫోన్ దానికి మీ పేరే చూపిస్తుంది. దానికేం తెలుసు? ఇలాంటివి చాలావరకు ఆపుతున్నారు. కొన్ని జారిపోతుంటాయి." తర్వాత రావమ్మ వైపు తిరిగాడు. "డబ్బు పంపిన గంటలోనే సైబరు మోసాల నెంబరు 1930కి ఫోన్ చేసుంటే ఎక్కడో ఒకచోట ఆపేవాళ్లమేమోనమ్మా. ఇప్పుడది నాలుగైదు చేతులు మారిపోయుంటుంది. రాసుకుంటాం, చూస్తాం."

"నేను తిరిగి చేశాను కదయ్యా" అంది రావమ్మ.

"మంచి పనే చేశారమ్మా. తిరిగి చేసినప్పుడు ఎత్తలేదంటే ఆగిపోవాలి. వాడే మళ్లీ చేస్తే అది లెక్కలోకి రాదు. రేపు పంపితే కొంపలేం మునగవు. ఇంకా అనుమానంగా ఉంటే, ఎక్కడా రాసి లేనిది అడగండి. పేర్లు, గోత్రాలు, ఆధార్ నెంబర్లు, ఇవన్నీ ఎక్కడో ఒకచోట రాసే ఉంటాయి. రాసున్నది ఎవడికైనా దొరుకుతుంది."

రావమ్మ తలూపింది. శేషగిరి నేల చూశాడు. క్యాలెండరు మీద అచ్చు వేయించిన గడి ఆయన కళ్ల ముందు మెదిలింది. బయటికొచ్చాక మెట్ల దగ్గర ఆగి, తిథి తప్పితే అమావాస్యనాడు పెట్టుకోవచ్చని శాస్త్రం ఉందనీ, బుధవారం తానే వచ్చి పైసా పుచ్చుకోకుండా చేయిస్తాననీ చెప్పాడు. ఆవిడ సరే అనలేదు, వద్దనీ అనలేదు.

ఆ సాయంత్రమే గ్రూపు తీసేశాడు. తీసేస్తే ఏమవుతుంది? పట్టిక ఎక్కడికి చేరాలో అక్కడికి చేరిపోయింది. తెనాలిలో ఇంకో ఇంటికీ అలాంటి ఫోనే వచ్చింది, వాళ్లు డబ్బు పంపబోయి ఆగారు. మర్నాటికల్లా ఎవరో పుణ్యాత్ములు ఆయన క్యాలెండరు ఫొటో మీద ఎర్రగా అడ్డగీత కొట్టి, ఈ నెంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తకండి అని రాసి ఊరంతా పంపారు. దొంగ నెంబరు ఎవరికీ తెలియదు. ఊరు జాగ్రత్త పడాల్సిన నెంబరుగా మిగిలింది శేషగిరిది. ఆ దొంగ ఈపాటికి ఇంకో పంతులు పేరో, ఇంకో డాక్టరు పేరో తగిలించుకుని వేరే ఊరి మీద పడి ఉంటాడు. తిట్టుకుందామన్నా వాడికొక మొహం లేదు. ఎవరినో ఒకరిని తిట్టుకోవాలి కాబట్టి, కళ్లెదుట ఉన్నవాణ్ణి తిట్టుకున్నారు.

శేషగిరి ఫోన్ చేస్తే కట్ చేశారు. రమణి ఫోన్‌తో చేస్తే, తెలియని నెంబరని ఎత్తలేదు. కొత్త నెంబరు తీసుకుందామా అంటే, నేను శేషగిరిని, నెంబరు మారింది అని చెప్పుకునేవాణ్ణి ఇప్పుడు నమ్మేదెవరు? చివరికి కాళ్లకు పని చెప్పాడు. శనివారం రేపల్లె వెళ్లి, వచ్చే వారం తిథి ఉన్న ఇంటి గేటు ముందు నిలబడ్డాడు. ఆ ఇంటాయన శివరామయ్య, రిటైరైన హెడ్మాస్టరు.

"మాస్టారూ, మంగళవారం మీ అమ్మగారి తిథి. అదొకటీ, ఇంకోటి. ఇకమీదట నా నెంబరు నుంచి నేనే చేసినట్టు ఫోన్ వచ్చినా, గోత్రనామాలు చెప్పినా డబ్బు పంపకండి. ఫోన్‌లో నన్ను నమ్మకండి."

శివరామయ్య గేటు తియ్యకుండానే నవ్వాడు. "ముప్పై ఏళ్లు మిమ్మల్ని నమ్మమన్నారు, ఇప్పుడు మీరే వచ్చి నమ్మద్దంటున్నారు. పోనీలెండి. మీరు మంచివారే. కానీ మా కోడలు మీ నెంబరు బ్లాక్ చేసేసిందండీ. మంగళవారానికి ఇక్కడే ఇంకొకాయనకి చెప్పుకున్నాం. ఏమీ అనుకోకండి."

అలాంటి గేట్లు ఆ రోజు నాలుగు చూశాడు. ప్రతి గేటు దగ్గరా అదే పాఠం చెప్పాడు. వాడు నెంబరు ఎలా మారుస్తాడో, తిరిగి చేస్తే ఏం కనిపెట్టాలో, 1930 ఎందుకో, శివనాగరాజు కన్నా వివరంగా చెప్పాడు. జనం శ్రద్ధగానే విన్నారు. విని, ఆయన్ని కూడా ఆ జాగ్రత్తల్లోనే కలిపేసుకున్నారు.

ఇన్ని పోయినా ఆయన మనసు మాత్రం ఒక్క ఇంటి దగ్గరే కొట్టుకుంది. బుధవారం రావమ్మ ఇంట్లో చలపతికి తన చేతుల మీదుగా ఆ అన్నం పెట్టించేస్తే, తన ముప్పై ఏళ్ల పేరులో కొంతైనా తనకు మిగులుతుందనిపించింది. సోమవారం సాయంత్రం ఫోన్ చేశాడు. ఎత్తదనుకున్నాడు. ఎత్తింది.

"అమ్మా, శేషగిరిని. ఎల్లుండి అమావాస్య. నువ్వులు, విస్తళ్లు నేనే తెస్తాను, మీరేం చూసుకోవద్దు."

"మీరేనని నాకెలా తెలియాలండీ?" అంది రావమ్మ.

ముప్పై ఏళ్ల అలవాటు, ఆలోచించకముందే నోట్లోంచి వచ్చేసింది. "మార్కండేయ గోత్రం, వెంకటప్పయ్య, సుంద..."

"అవి వాడూ చెప్పాడండీ." గొంతులో కోపం లేదు, లెక్క అడిగినట్టు అడుగుతోంది. "రాసి లేనిది ఒకటి చెప్పండి. మా ఆయన గురించే. ఇరవై రెండేళ్లు వచ్చారు కదా మా ఇంటికి. ఏదో ఒక్కటి."

శేషగిరి వెతుక్కున్నాడు. బట్టల కొట్టు ఉండేది. అది బోర్డు మీదే రాసుంది. గుండె ఆగి పోయాడు. అది ఆస్పత్రి కాగితంలో ఉంది. మనిషి ఎలా ఉండేవాడు? పీట మీద వంగిన నెత్తి ఒకటి గుర్తొచ్చింది, దర్భ ఉంగరం తొడిగిన వేలు గుర్తొచ్చింది. ఆ నెత్తీ ఆ వేలూ నూట నలభై ఇళ్లలో ఎవరివైనా కావచ్చు. నవ్వేవాడా, గట్టిగా మాట్లాడేవాడా, తండ్రి గురించి ఏమన్నా చెప్పాడా? చెప్పే ఉంటాడు. ఏం చెప్పాడో రాలేదు. ఫోన్ చేతిలో వేడెక్కుతోంది.

"గుర్తు రావట్లేదా అండీ?" అంది రావమ్మ. "ప్రతి ఏడూ తద్దినం అయ్యాక స్కూటరు మీద మిమ్మల్ని మా ఆయనే స్టేషన్లో దింపేవాడు. ముద్ద తిని వెళ్లవయ్యా, పొద్దున్నుంచీ పస్తున్నావు అని నేనంటే, పంతులుగారికి బండి తప్పిపోద్ది అనేవాడు. మిమ్మల్ని బండెక్కించి వచ్చాకే తినేవాడండీ."

అప్పుడు గుర్తొచ్చింది. స్కూటరు గుర్తొచ్చింది, ముందు కూర్చున్నతని చెమట పట్టిన తెల్లచొక్కా వీపు గుర్తొచ్చింది. ఆ దారి పొడుగునా తన చెవి దగ్గర ఫోన్ ఉండేది, తర్వాతి ఇంటికి తిథి చెబుతూ.

"అమ్మా..." అన్నాడు.

"మీరేలెండి, ఇప్పుడు నమ్మకం కుదిరింది" అంది రావమ్మ. "దొంగయితే ఏదో ఒకటి కల్పించి చెప్పేవాడు."

బుధవారానికి బాపట్లలోనే వేరే ఆయన్ని మాట్లాడుకున్నామని చెప్పి, ఆవిడ ఫోన్ పెట్టేసింది.